ఊరి సర్వరులో గొడవ మొదలైతే: మాస్టోడాన్, బ్లూస్కైలలో మోడరేషన్ నడిపే విధానం

మాస్టోడాన్ అంటే ఒక్క సంస్థ చేతిలో కాక, ఎవరి సర్వరును వాళ్లే నడుపుకుంటూ, ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండే సోషల్ మీడియా. దాని సర్వరు పెట్టుకోవడం ఎలాగో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. చేరిన నలుగురు నలభై మంది అయ్యాక, వాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టాక ఏ బటన్ నొక్కాలన్నదే అందరి ప్రశ్న. భీమవరం వైపు రొయ్యల రైతుల బృందమైనా, అమలాపురం కళాశాల పూర్వ విద్యార్థులైనా, రాజోలు నుంచి కువైట్ వెళ్లినవారి కుటుంబాలైనా పని వరుస ఒకటే.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌గా ఉన్న అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. అక్కడ తీసేస్తే మనిషి వెళ్లిపోతాడు. ఇక్కడ మీ సర్వరులో ఖాతాయే లేని మనిషి కూడా మీ సభ్యులకు జవాబులు రాయగలడు. మీరు తొలగించిన పోస్టు కాపీ మరో సర్వరులో మిగిలిపోవచ్చు. తొలగించమన్న సందేశం అక్కడికి వెళ్తుంది, పాటించడం మాత్రం ఆ సర్వరు చేతిలో ఉంటుంది.

ముందుగా మాస్టోడాన్ సంగతి వివరంగా చూద్దాం. బ్లూస్కై అనే మరో సోషల్ మీడియా పద్ధతి వేరు కాబట్టి దాన్ని విడిగా చెబుతాను.

## 1. ముందు మనుషులను కుదుర్చుకోండి

కనీసం ముగ్గురు మోడరేటర్లు (ఫిర్యాదులు చూసి చర్య తీసుకునేవారు) ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరికీ నిద్ర ఉండదు. ఇద్దరే ఉంటే ఏదో ఒక గొడవలో ఆ ఇద్దరూ చెరో పక్షం అవుతారు.

మన గోదావరి డెల్టాలో అసలు చిక్కు బంధుత్వం. ఫిర్యాదు చేసినవారో, ఫిర్యాదుకు గురైనవారో ఎవరో ఒకరు మోడరేటరుకు కనీసం వేలు విడిచిన మేనమామ అవుతారు. అందుకే ఒక కట్టుబాటు ముందే రాసుకోండి: బంధువు, వ్యాపార భాగస్వామి, సొంత పార్టీ మనిషి ఉన్న ఫిర్యాదును ఆ మోడరేటరు ముట్టుకోకూడదు. కులం పేరుతో వచ్చిన గొడవైతే రెండు వైపులా లేని మూడో మనిషి చూడాలి. ముగ్గురూ ఒకే కులం, ఒకే వీధి అయితే ఈ కట్టుబాటు కాగితం మీదే ఉండిపోతుంది.

ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. ఫొటోలు, వేధింపుల ఫిర్యాదులు మగవాళ్లకే చేరతాయని తెలిస్తే చాలామంది అసలు ఫిర్యాదే చేయరు.

ఒకరు డెల్టా బయట ఉండాలి. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేశారు. అలాంటి రోజున మోడరేటర్లంతా అమలాపురంలోనే ఉంటే, బయటివాళ్లు రాసేదాన్ని ఆపే దిక్కు ఉండదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి దొరికితే ఇంకా మంచిది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి అర్ధరాత్రి దాకా కాపలా కూడా దొరుకుతుంది.

మాస్టోడాన్‌లో ఒక్కో పాత్రకు ఒక్కో అనుమతి విడిగా ఇవ్వవచ్చు. కొత్త మోడరేటరుకు ఫిర్యాదులు, ఖాతాలు చూసే అనుమతి చాలు. ఇతర సర్వర్లను బ్లాక్ చేసే అనుమతి, సర్వరు సెట్టింగులు ఇద్దరికి మించి వద్దు.

మొదటి రోజే సరిచూసుకోవలసినవి:

- ప్రతి మోడరేటరు ఖాతాకూ రెండంచెల లాగిన్ పెట్టారా?
- మోడరేషన్‌కు, సొంత కబుర్లకు వేర్వేరు ఖాతాలు ఉన్నాయా?
- సర్వరు పాస్‌వర్డులు, డొమైన్ గడువు వివరాలు కనీసం ఇద్దరి దగ్గర ఉన్నాయా?
- చర్యల చిట్టాను అందరూ చూడగలుగుతున్నారా?

## 2. వేలుపెట్టి చూపించగల నియమాలు రాయండి

"మర్యాదగా ఉండండి" అన్న నియమంతో ఏ గొడవా తీరదు. ఎవరి మర్యాద వారిదే. ఒక పోస్టు చూపించి "ఇదిగో, ఈ వాక్యాన్ని ఇది దాటింది" అనగలిగితేనే అది నియమం.

మాస్టోడాన్‌లో నియమాలను ఒక్కొక్కటిగా నమోదు చేస్తారు. ఫిర్యాదు చేసేవారు ఏ నియమం తప్పిందో ఎంచుకునే వీలు ఉంటుంది కాబట్టి ఏడెనిమిదికి మించి రాయకండి. డెల్టా సర్వరుకు ఇవి తప్పనిసరి:

- కులం, మతం, వృత్తి, ఊరు పేరుతో ఎవరినీ కించపరచకూడదు. సామెత రూపంలోనైనా, ముద్దుపేరు రూపంలోనైనా సరే.
- ఇతరుల ఫోను నంబరు, ఇంటి ఫొటో, కుటుంబ సభ్యుల ఫొటో వారి అనుమతి లేకుండా పెట్టకూడదు.
- వరద, గండి, కరెంటు ప్రమాదం వంటి వార్తకు చోటు, సమయం, తెలిసిన విధం రాయాలి.
- పందేలకు, బెట్టింగుకు ఆహ్వానాలు పెట్టకూడదు.
- డబ్బు కట్టించుకునే ఉద్యోగ, వీసా ప్రకటనలు పెట్టకూడదు.

మొదటి నియమంలోని చివరి వాక్యాన్ని వదిలేయకండి. మన దగ్గర కులదూషణ సూటి తిట్టుగా అరుదుగా వస్తుంది. ఊరి పేరు చివర ఒక మాట చేర్చడం, పాత సామెత ఒకటి విసరడం, పలకరింపులోనే వెటకారం కలపడం దాని తీరు. బయటి ఊరివాడికి అది తిట్టని తెలియదు, యంత్రానికి అసలే తెలియదు. ఊరి బృందం తన సర్వరును తానే కాచుకోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే.

## 3. చేరే తలుపు తెరిచి వదలకండి

సభ్యత్వ సెట్టింగులో మూడు పద్ధతులుంటాయి: ఎవరైనా చేరవచ్చు, అనుమతితో చేరవచ్చు, కొత్తవారికి ప్రవేశం లేదు. రెండోది ఎంచుకోండి. 2024 ఫిబ్రవరిలో తలుపు తెరిచి వదిలేసిన చిన్న సర్వర్లలో ఖాతాలు పుట్టించి స్పామ్ ముఠాలు అన్ని సర్వర్లనూ ముంచెత్తాయి. ఆ తర్వాత మాస్టోడాన్ కొత్త సర్వర్లకు అనుమతి పద్ధతినే మొదటి నుంచీ అమర్చింది.

"ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని అడిగితే "మంచి సర్వరు" అనే జవాబు వస్తుంది. "మీ మండలం ఏది, ఇక్కడ ఎవరు తెలుసు?" అని అడగండి. రెండు ముక్కల జవాబులోనే మనిషి తెలిసిపోతాడు.

## 4. ఫిర్యాదు వచ్చాక ఈ వరుస తప్పకండి

తొందరపాటుకు చోటు దొరికేది ఇక్కడే. కాబట్టి వరుసగా:

1. ఫిర్యాదును మీ పేరున కేటాయించుకోండి. లేకపోతే ఇద్దరు మోడరేటర్లు రెండు రకాల తీర్పులిస్తారు.
2. మీకు సంబంధం ఉన్న మనుషులైతే అక్కడే ఆగి ఇంకొకరికి అప్పగించండి.
3. అసలు పోస్టు చదవండి. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ చూసి తీర్పు చెప్పకండి. పైనున్న పోస్టు, కిందనున్న జవాబులు కూడా చదవండి. చాలాసార్లు ఫిర్యాదు చేసినవారే మొదట గిల్లి ఉంటారు.
4. ఆ ఖాతాపై పాత హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి.
5. ఏం కనిపించిందో, ఏ నియమమో ఫిర్యాదు కింద నోట్‌గా రాయండి. చర్య తీసుకోకముందే రాయాలి. చర్య తర్వాత రాసే కారణం సమర్థనగా మారిపోతుంది.
6. సరిపోయే చర్యల్లో చిన్నది ఎంచుకోండి.
7. సంబంధిత వ్యక్తికి తెలుగులో సందేశం పంపండి. ఫిర్యాదు చేసినవారికి కూడా ఫలితం మీరే చెప్పండి.

వేరే సర్వరు మనిషిపై ఫిర్యాదు అయితే, దాన్ని ఆ సర్వరు నిర్వాహకులకు పంపాలా అని మాస్టోడాన్ అడుగుతుంది. ఫిర్యాదుదారు పేరు అందులో వెళ్లదు, మీ సర్వరు పేరు మాత్రం తెలుస్తుంది. మామూలు సర్వరైతే పంపండి. దూషణలకే పుట్టిన సర్వరైతే పంపకండి, అక్కడి నిర్వాహకుడే దూషించేవాడు కావచ్చు. ఈ తేడాను సభ్యులకు కూడా చెప్పి ఉంచండి, ఫిర్యాదు రాసేటప్పుడు అలా పంపమనే గడిని టిక్ చేసేది వాళ్లే.

సందేశం ఎలా ఉండాలో ఒక నమూనా. చెరువు పట్టుబడి డబ్బు ఎగ్గొట్టాడని ఒక రైతు వ్యాపారి ఫోను నంబరు, ఇంటి ఫొటో పెట్టాడనుకుందాం:

"నమస్కారం అండి. జూలై 14న మీరు పెట్టిన పోస్టులో ఒకరి ఫోను నంబరు, ఇంటి ఫొటో ఉన్నాయి. ఇది మన 2వ నియమానికి విరుద్ధం కాబట్టి ఆ పోస్టు తొలగించాం. బాకీ గురించిన మీ ఫిర్యాదును నంబరు, ఫొటో లేకుండా మళ్లీ రాసుకోవచ్చు. ఈ నిర్ణయం సరికాదనుకుంటే 20 రోజుల్లోపు అప్పీలు చేయండి. వేరే మోడరేటరు చూస్తారు."

ఈ సందేశంలో బాకీ ఎవరిదన్న మాట లేదు. అది తేల్చడం మోడరేటరు పని కాదు. రైతు బాధ ఉండాలి, వ్యాపారి ఇంటి గుమ్మం ఊరందరికీ కనిపించకూడదు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే సగం ఫిర్యాదులు పోస్టు సరిదిద్దుకోవడంతో ముగుస్తాయి.

## 5. ఏ బటన్ ఏం చేస్తుంది

చిన్నదాని నుంచి పెద్దదాని దాకా:

- హెచ్చరిక: సందేశం మాత్రమే. మొదటి తప్పుకు చాలావరకు ఇదే చాలు.
- పోస్టును సున్నితమైనదిగా గుర్తించడం: ఫొటో మూతపడి ఉంటుంది, నొక్కితేనే కనిపిస్తుంది.
- పోస్టు తొలగింపు: వేరే సర్వరు మనిషి పోస్టైతే మీ దగ్గరున్న ప్రతి మాత్రమే పోతుంది.
- ఫ్రీజ్: మీ సర్వరు ఖాతాలకే వర్తిస్తుంది. పాత పోస్టులు ఉంటాయి, మనిషి కొత్తగా ఏమీ చేయలేడు. ఎవరిదో ఖాతా హ్యాక్ అయిందని తెలిసినప్పుడు ఇదే సరైన చర్య.
- లిమిట్: అతన్ని అనుసరిస్తున్నవారికి కనిపిస్తాడు, మిగతావారి కంట పడడు.
- సస్పెండ్: ఖాతా మాయమవుతుంది. 30 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు, ఆ తర్వాత సమాచారం శాశ్వతంగా చెరిగిపోతుంది.

కొత్త మోడరేటర్లు నేరుగా సస్పెండ్ దగ్గరికి పరుగెత్తుతారు. దాని ఫలితం తెలిసిందే: ఆ మనిషి మర్నాడు వేరే సర్వరులో ఖాతా తెరిచి, అక్కడి నుంచి మీ సభ్యులకే జవాబులు రాస్తాడు, ఈసారి కసిగా. నిజంగా ప్రమాదకరమైన విషయం, స్పామ్, మారుపేరు మోసం కాకపోతే సస్పెండ్‌కు ముందు కనీసం ఒక హెచ్చరిక, ఒక లిమిట్ ఉండాలని నా అభిప్రాయం.

## 6. తెలుగు మాటలను వడపోయడం

సభ్యులు తమకు వద్దనుకున్న మాటలను సొంత సెట్టింగుల్లో వడపోసుకోవచ్చు. దానికి గడువు కూడా పెట్టవచ్చు. ఉదాహరణకు సంక్రాంతి వారం మాత్రమే. కానీ ఆ పరికరం ఇంగ్లిషును తలుచుకుని తయారైంది. తెలుగులో ఇలా అమర్చుకోవాలి:

- "పూర్తి పదం మాత్రమే" అన్న గడిని తీసేయండి. మన మాటలకు విభక్తులు అతుక్కుంటాయి. "పందెం" అని పెడితే "పందెంలో" జారిపోతుంది.
- ఆ గడి తీసేశాక చిన్న మాటలు పెట్టకండి. "పంది" అన్న తిట్టును వడపోస్తే "పెళ్లి పందిరి" ఫొటోలూ మాయమవుతాయి.
- గుణింతం మారే రూపాలను విడివిడిగా చేర్చండి. "పందెం" చేరిస్తే "పందేలు" దొరకదు.
- ఇంగ్లిషు అక్షరాల్లో రాసే తెలుగును మరవకండి. ఒక్కో తిట్టుకు నాలుగైదు వర్ణక్రమాలుంటాయి, వీలైనన్ని చేర్చండి.
- అక్షరాల మధ్య చుక్కలు, కంటికి కనిపించని విడదీత గుర్తులు పెట్టేవాళ్లను వడపోతతో పట్టుకోలేరు. వాళ్లకు ఫిర్యాదు మార్గమే.

మోడరేటర్లు మాత్రం తిట్ల చిట్టా ఒకటి, అర్థాలతో, తమలో తాము ఉంచుకోవాలి. రావులపాలెం మోడరేటరుకు తెలిసిన వెటకారం నరసాపురం మోడరేటరుకు తెలియకపోవచ్చు. ఆ చిట్టాను బయట పెట్టకండి, దాన్ని చూసి కొత్తవి కనిపెడతారు.

## 7. ఇతర సర్వర్లను ఆపడం

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటే: ఎవరో తయారుచేసిన వందల సర్వర్ల బ్లాక్ జాబితాను ఒకేసారి ఎక్కించడం. ఒక సర్వరును సస్పెండ్ చేస్తే మీ సభ్యులకూ ఆ సర్వరు మనుషులకూ మధ్య ఉన్న అనుసరణలన్నీ తెగిపోతాయి. బ్లాక్ ఎత్తేసినా అవి తిరిగి రావు. దుబాయ్‌లో ఉన్న కొడుకు పోస్టులు తల్లికి ఒక్కసారిగా ఆగిపోతే, అందుకు కారణం మీరు చదవని జాబితాలో ఉంటుంది.

సరైన వరుస ఇది. జాబితాను తెచ్చుకోండి. అందులో మీ సభ్యులు అనుసరిస్తున్న మనుషులు ఉన్న సర్వర్లను పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పిల్లల లైంగిక చిత్రాలు, వ్యవస్థీకృత వేధింపులు కారణంగా ఉన్నవాటిని సస్పెండ్ చేయండి. అనుమానం ఉన్నవాటికి లిమిట్ చాలు. ప్రతిదానికీ రెండు వ్యాఖ్యలు రాసే చోటు ఉంటుంది: అందరికీ కనిపించేది, మోడరేటర్లకు మాత్రమే కనిపించేది. రెండూ నింపండి.

ఫొటోలే సమస్య అయిన సర్వరుకు "మీడియా తిరస్కరణ" పెట్టవచ్చు. దీన్ని చిన్నగా చూడకండి. ఇతర సర్వర్ల ఫొటోల ప్రతులు మీ డిస్కు మీదే నిలవ ఉంటాయి, వాటి బాధ్యత కొంత మీ నెత్తిన పడుతుంది.

## 8. వరద రోజుల ఏర్పాటు

జూలై వచ్చేసరికి ఇది సిద్ధంగా ఉండాలి. వరద రోజున నియమాలు చదువుకునే తీరిక ఎవరికీ ఉండదు.

పుకార్లలో సగం అంకెల గందరగోళమే. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. భద్రాచలంలో ఇవే 43, 48, 53. "నీటిమట్టం 53 అడుగులు దాటింది" అని ఊరి పేరు లేకుండా పోస్టు పడితే లంక గ్రామాల్లో గుండె ఆగుతుంది. కాబట్టి ఈ ఆరు అంకెలనూ నిర్వాహక ప్రకటనగా సర్వరు పైభాగాన పెట్టండి. మాస్టోడాన్‌లో ప్రకటనలకు విడిగా చోటు ఉంది.

రెండో రకం పాత ఫొటో. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. ఆ ఏడాది చిత్రాలు ఏటా కొత్త వరదగా తిరుగుతాయి. పోస్టు పెట్టినవారిని ముందు "ఎక్కడ, ఎప్పుడు తీశారు?" అని అడగండి. గంటలో జవాబు రాకపోతే తొలగించండి, ఖాతాను మాత్రం ముట్టుకోకండి. భయంతో పంచుకున్నవాణ్ణి శిక్షిస్తే, రేపు నిజంగా గండి పడ్డప్పుడు చెప్పడానికి వెనకాడతాడు.

ఆ రోజుల్లో:

- ట్రెండింగ్ పోస్టులు, లింకులు, హ్యాష్‌ట్యాగులను మోడరేటరు ఆమోదించాకే చూపించేలా ఉంచండి.
- "గండి", "ఏటిగట్టు", "పడవ" మాటలున్న పోస్టులను ఇద్దరు గంటకోసారి చూడండి.
- సహాయం కోరుతూ పెట్టిన పోస్టులోని ఫోను నంబరును తీయకండి. 2వ నియమానికి ఇది మినహాయింపు అని ముందే రాసి పెట్టండి. వరద తగ్గాక ఆ నంబర్లు తీసేయమని వాళ్లకే గుర్తు చేయండి.

సంక్రాంతికి ఇంత పని ఉండదు. కోడి పందెం ఫొటోను సున్నితమైనదిగా గుర్తించండి. బరి ఎక్కడ, పందెం ఎంత అన్న ఆహ్వానాన్ని తొలగించండి. అల్లుళ్ల భోజనాల ఫొటోల జోలికి పోకండి.

## 9. మోడరేటరు చేతి నుంచి దాటిపోయే విషయాలు

- పిల్లల లైంగిక చిత్రం: డౌన్‌లోడ్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీయకండి, తోటి మోడరేటరుకు కూడా పంపకండి. పోస్టు చిరునామా మాత్రం రాసుకుని జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం బాధ్యత, ఐచ్ఛికం కాదు.
- ఆన్‌లైన్ డబ్బు మోసం: బాధితులను వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయమనండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారుతుంది.
- గల్ఫ్ ఉద్యోగాల ఏజెంటు ప్రకటన: విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటో కాదో చూడండి. జాబితాలో పేరు లేకపోతే తొలగించి, ప్రకటన చూసి స్పందించినవారిని విడిగా హెచ్చరించండి.
- లైంగిక దాడి బాధితురాలి పేరు, ఊరు, ఫొటో: సానుభూతితో పెట్టినా వెంటనే తొలగించాలి. గుర్తింపు బయట పెట్టడమే నేరం.

2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే మార్గం అందరికీ కనిపించేలా ప్రకటించాలి. జవాబిచ్చే గడువులు సవరణలతో మారుతూ వస్తున్నాయి కాబట్టి అమల్లో ఉన్న పాఠం చూసి మీ నియమాల పుటలో రాసుకోండి.

## 10. బ్లూస్కైలో అయితే

అక్కడ మీ బృందానికి దేన్నీ తొలగించే వీలు లేదు. లేబుల్ అంటించగలదు, అంతే. మీ లేబుల్ సేవకు చందాదారులుగా చేరినవారికే అది కనిపిస్తుంది. దాన్ని చూసి పోస్టును దాచాలా, హెచ్చరికతో చూపాలా అన్నది వాళ్లే ఎంచుకుంటారు.

ఇందుకు ఓజోన్ అనే ఓపెన్‌సోర్స్ పరికరం ఉంది. 2024 మార్చిలో విడుదలైంది. ఎవరి సొంత ఖాతానూ వాడకుండా విడిగా ఒక ఖాతా, ఒక డొమైన్, ఒక చిన్న సర్వరు సిద్ధం చేసుకోండి. లేబుల్ గుర్తింపు పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి, కానీ కనిపించే పేరు, వివరణ తెలుగులో రాయవచ్చు.

మూడు లేబుళ్లతో మొదలుపెట్టండి: "ధ్రువీకరించని వరద సమాచారం", "పాత ఫొటో", "నమోదు కాని ఉద్యోగ ఏజెంటు". "కులద్వేషి" వంటి లేబుల్‌ను మనిషి ఖాతాకు అంటించకండి. పోస్టుకు అంటించిన లేబుల్ ఒక మాట గురించి, ఖాతాకు అంటించినది మనిషి గురించి. రెండోది పరువు నష్టం కేసు దాకా వెళ్తుంది. సమాచారం నిజమని తేలితే లేబుల్ అదే రోజు ఎత్తేయండి.

## 11. నెలకోసారి

నెల చివర ముగ్గురూ కూర్చుని చర్యల చిట్టా తిరగేయండి:

- మొదట చర్య తీసుకున్న మోడరేటరే అప్పీలును కూడా చూసిన సందర్భం ఉందా?
- ఒకే ఖాతాపై ఒకే గుంపు పదే పదే ఫిర్యాదు చేస్తోందా? అది వేధింపు కావచ్చు, ఫిర్యాదుదారులను కూడా పరిశీలించండి.
- కారణం రాయని చర్యలు ఎన్ని?
- ఎవరైనా విసిగిపోయారా? చెత్త చదివి చదివి అలసినవారికి ఒక నెల సెలవు ఇవ్వండి.

సర్వరు ఇక నడపలేమనిపిస్తే చెప్పకుండా ఆపేయకండి. మాస్టోడాన్ తన అధికారిక జాబితాలో చేర్చే సర్వర్ల నుంచి కోరేది మూసివేతకు కనీసం 3 నెలల ముందస్తు నోటీసు. మీరు ఆ జాబితాలో లేకపోయినా అదే పాటించండి. ఆ మూడు నెలల్లో ప్రతి సభ్యునికీ ఖాతాను వేరే సర్వరుకు మార్చుకునే పద్ధతిని తెలుగులో రాసి పంపండి. పాత పోస్టులు కొత్త ఖాతాకు రావు, అనుసరించేవారు మాత్రం వస్తారు. కాబట్టి పోస్టుల ప్రతిని ముందే దింపుకోమని చెప్పండి.